మిషన్ పీల్చే గాలి

మా ల్యాబులో, సూది మొనన కరిగించిన ప్లాస్టిక్ బొట్టు ఒకటి వణుకుతుంది.

కరెంటు పెంచుతాను. ఇంకా వణుకుతుంది. ఇక ఆగలేక సాగి, దారమై, ఎదురుగా తిరిగే డ్రమ్ము మీద వాలుతుంది.

ఆ దారం కంటికి ఆనదు. పొర మీద పొర పడ్డాక, ఏటవాలు వెలుతురులో మాత్రం — పాల మీద మీగడలా — తెల్లగా తేలుతుంది.

ఆ పొరను గాలి దాటుతుంది. దుమ్ము దాటదు.

"గాలికి జల్లెడ పడుతున్నావటే?" అని అక్క నవ్వేది.

నవ్వితే దగ్గు వచ్చేది.

అక్క రాళ్లు కోసే షెడ్డులో పలకల అంచులు నున్నగా అరగదీస్తుంది. రెప్పల మీద రాతి పిండి. జడలో రాతి పిండి... ఊపిరితిత్తుల్లోనూ అదేనని డాక్టరు ఎక్స్‌రే ఎత్తి చూపించాడు. ఇక దుమ్ము పీల్చకూడదన్నాడు.

పని మానకుండా ఎలా పీల్చకూడదో చెప్పలేదు.

అందుకే ఈ పొర. అక్క బల్ల దగ్గర బయటి గాలి ఊదే గాలిపెట్టె కొలతకు చేశాను. దీని గుండా వచ్చిన గాలే ఆమె ముఖానికి తగలాలి. వేలు తగిలితే చిరుగుతుందని గుడ్డ మీద పరిచి, చట్రంలో బిగించి, స్వయంగా తీసుకెళ్లి యజమాని చేతికిచ్చాను. "ఎంత సన్న దుమ్మైనా దాటదండీ" అన్నాను.

ఆ మాట ఆయన చెవికి బాగానే ఎక్కింది.

మళ్లీ వెళ్లేసరికి గాలిపెట్టె ఖాళీ. నా పొర కొత్త కోత మిషన్‌కు బిగించి ఉంది. దాన్ని నడిపే కరెంటు మీటల పెట్టె గాలి పీల్చుకునే చోట.

"మిషన్ సున్నితం తల్లీ. లోపల దుమ్ము పడితే ఆగిపోతుంది. మనుషులంటావా... అలవాటు పడిపోతారు" అన్నాడు యజమాని.

అరికాలి మంట నెత్తికెక్కింది.

అలవాటా! ఊపిరాడకపోవడం ఎవరికి అలవాటవుతుంది?

చట్రం మీద చెయ్యి వేశాను. అక్క పరుగున వచ్చి మణికట్టు పట్టుకుంది.

"వద్దే. అది ఆగితే ముందు నన్నే పొమ్మంటాడు. తుమ్మితే ఊడే ముక్కులాంటి ఉద్యోగం నాది."

అని, తన మాటకు తనే నవ్వింది. దగ్గింది.

ఆ నవ్వు మీద కూడా కోపం వచ్చింది. ఆయన మీద, ఆమె మీద, చెయ్యి వెనక్కి తీసుకున్న నా మీద — అందరి మీదా వచ్చింది. మిషన్ మాత్రం హాయిగా గాలి పీల్చుకుంటోంది. నేను అల్లిన గాలి. మా అక్క గాలి.

మళ్లీ సూది ముందు కూర్చున్నాను.

ఈసారి పెట్టె కొలత కాదు. అక్క ముఖం కొలత. ముక్కు మీద వంపు, గడ్డం కింద మడత. ఇది ఏ మిషన్‌కీ పట్టదు. పట్టకూడదు.

ముఖానికి కట్టుకుంటే పని మందగిస్తుందని ఆయన అంటాడు. అననీ. అక్క కట్టుకుంటుందా... అదే తెలియదు.

కరెంటు పెంచాను.

సూది మొనన బొట్టు... ఇంకా వణుకుతోంది.