యంత్రానికి ఎక్కని అతుకు

వైదేహి రోజూ తొమ్మిదింటికి ల్యాబు తాళం తీసి, ఫ్యాను వేసి, యంత్రం తీగలు ముందు తన వేళ్ళకే తగిలించుకుని సరిచూసుకునేది. తెనాలిలో ఆ ల్యాబు పెట్టి తొమ్మిదేళ్ళు. వేలికొసకి ఏదైనా తగిలితే ఆ కబురు మెదడుకి ఏ దారిన చేరుతుందన్నదే ఆమె పరిశోధన. రెండేళ్ళుగా ఆమె కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ మొద్దుబారాయి. తెర మీద గీత లేచేది కాదు, అడ్డంగా పడి ఉండేది. స్పర్శ డాక్టరుకే స్పర్శ పోయిందంటే నలుగురూ నవ్విపోతారని, ఆ అడ్డగీతల్ని కంప్యూటర్లో దాచి ఊరుకునేది.

ఆమె బాధ అది కాదు. బాధంతా అనంతలక్ష్మితోనే.

అనంతలక్ష్మి బాపట్లలో మగ్గాలకి పడుగులు అతుకుతుంది. పాత దారం కొసకి కొత్త దారం ఆనించి, బూడిద అద్ది, వేళ్ళ మధ్య నలిపితే అతుకు పడుతుంది. మంగళవారాలు మాత్రం మనుషుల్ని చూస్తుంది. షుగరుతో అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళు వరండాలో కూచుంటే, చర్మంలోంచి తెగిన స్పర్శ కొసలు పట్టి బయటికి లాగి, అతికి, లోపలికి తోసేస్తుంది. రేపల్లె లారీ డ్రైవరు బర్నబాస్ అలాగే మళ్ళీ బండెక్కాడు. "రెండో కాలికి వచ్చేవారం రమ్మందండి," అని చెప్పుకుంటాడు, పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చినవాడిలా.

ఇంత జరుగుతున్నా ఆ అతుకు వైదేహి యంత్రానికి ఒక్కసారీ ఎక్కలేదు. పదిహేడుసార్లు కారు పంపి అనంతలక్ష్మిని రప్పించింది. నిబంధన ప్రకారం దగ్గరుండి స్పిరిటుతో చేతులు కడిగించింది. ప్రతిసారీ ఆమె రోగి పాదం పట్టుకుని చెమటలు కక్కి, "కొస జారిపోతోందమ్మగారూ," అనేది. సైన్సు పత్రికలకి పంపిన వ్యాసాలన్నీ తిరిగొచ్చేవి. వాటిని చదివి తీర్పు చెప్పే ఒకాయనైతే అతుకుల సంగతి వదిలేసి, పట్టికలో గళ్ళు సమానంగా లేవని రాశాడు. వైదేహికి ఒళ్ళు మండిపోయింది.

చివరికి శుక్రవారం సాయంత్రంతో ప్రాజెక్టు మూసేస్తున్నామని డబ్బిచ్చే సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ మాట ఫోన్లో చెప్పబుద్ధికాక, గురువారం, తొమ్మిదేళ్ళలో మొదటిసారి, తనే బాపట్ల రైలెక్కింది.

అనంతలక్ష్మి పడుగు ముందు కూర్చుని ఉంది.

"ఇంక మీరు తెనాలి రానక్కర్లేదండీ. మూసేస్తున్నారు."

"అదేంటమ్మా అట్టా! ముందు కూర్చోండి." చెయ్యి పట్టుకోగానే ఆమె మొహం మారిపోయింది. "ఈ వేళ్ళేంటమ్మగారూ ఇట్టా ఉన్నాయి? చెప్పలేదేం?"

వైదేహి నోరు తెరిచేలోపే ఆమె చిప్పలో బూడిద అద్దుకుంది. చూపుడువేల్లోంచి జానెడు తెల్లటి పోగు బయటికొచ్చింది. నలిపి, అతికి, తోసేసింది. తర్వాత మధ్యవేలు. వైదేహి తన చీర తడిమి చూసుకుంది. నేత తెలుస్తోంది. ఏడుపొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది.

"మరి అక్కడ బూడిద కావాలని ఎందుకడగలేదండీ?"

"ఏసీ గదాయె. మీరేమో దగ్గరుండి చేతులు కడిగిస్తిరి. మళ్ళీ మురికి చేసుకుంటానని ఎట్టా అడుగుతానమ్మా?"

ఒక్క మంగళవారం వచ్చి ఈ వరండాలో కూర్చుంటే సరిపోయేది. వైదేహికి తన చదువు మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున తీగలు తగిలించుకుంటే, గీత నిటారుగా లేచింది. ఆమె చేతికింద పనిచేసే పూర్ణచంద్ర దాన్నీ, ఆమె తీసిచ్చిన పాత అడ్డగీతల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఇది చాలు మేడమ్, పొడిగిస్తారు!" అని, అంతలోనే నీరుగారిపోయాడు. "కానీ ఈ చెయ్యి మీది. పరిశోధన నడిపేవాళ్ళ ఒంటి మీద పరీక్ష చెల్లదండి."

"ఇంకొకరిని పిలిపిద్దాం."

"ఒక్కరోజు గీత చూసి ఎవరూ నమ్మరండి. రెండేళ్ళ పాత గీతలున్నది మీకొక్కరికే."

వైదేహి చేతిలో ఉన్న ఫైలు బల్లకేసి కొట్టింది. తర్వాత కూర్చుని, జరిగిందంతా ఒక పేజీ రాసి సంతకం పెట్టింది. ఫైల్లో మొదటి పేజీ తీసి, పరిశోధకుల గడిలో తన పేరు కొట్టేసి పూర్ణచంద్ర పేరు రాసింది.

"మేడమ్, తొమ్మిదేళ్ళు మీవి!"

"అయిదింటికి మూసేస్తారు. పరీక్షకి వచ్చినవాళ్ళ ఫారం తియ్యి. నా పేరు రాయి."

అతను రాశాడు. ఊరు రాశాడు, వయసు యాభైరెండు అని రాశాడు. తర్వాతి గడి దగ్గర కలం ఆగిపోయింది.

"వృత్తి... ఏమని రాయమంటారు మేడమ్?"

"పొద్దున్నదాకా ఉండేది," అంది వైదేహి. "ఇప్పుడు లేదని రాయి."