వెలుగు మాస్టారి చెయ్యి

వెల్డింగ్ నేర్పే ఆ హాల్లో నిప్పు లేదు, పొగ లేదు, కాలిన వాసన అసలే లేదు. కళ్లజోడు తగిలించుకుంటే మాత్రం ఖాళీ బల్ల మీద ఇనప పైపు ప్రత్యక్షమవుతుంది. గాల్లోంచి నీలి వెలుగుతో ఒక చెయ్యి వచ్చి, అతుకు వేసి చూపిస్తుంది. ఒకప్పుడు ఎవరో పనివాడి చేతికి తీగలు చుట్టి, అతని కదలికలన్నీ పట్టుకుని తయారు చేశారట. నేర్చుకునేవాళ్లు తమ చేతిని ఆ చేతిలో దూర్చి, దానితోపాటే కదపాలి. అందరూ దానికి 'వెలుగు మాస్టారు' అని పేరు పెట్టేశారు. ఎన్ని తప్పులు చేసినా తిట్టడు, అదొక్కటే సుఖం.

అందరూ పొట్టి అని పిలిచే అమ్మాయికి ఆ సుఖమూ లేదు. పైపు అడుగుకి వచ్చేసరికి ఆమె అతుకు ప్రతిసారీ జారిపోతోంది. ఇవాళ్టి పరీక్ష పోతే ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందే. వెల్డర్‌గా చేసిన నాన్నకి పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక ఇల్లు ఆమె మీదే ఆధారపడింది.

"అక్కడ మాస్టారు ఆగిపోతున్నాడు సార్. సిస్టమ్ పట్టేస్తోంది. అందుకే నేను ఆగకుండా లాగేస్తున్నా," అంది శిక్షకుడితో.

"అందరిదీ అదే గోల. బాగుచెయ్యమని చెప్పాను. ఈలోగా నీ తంటాలు నువ్వు పడు," అన్నాడాయన.

పరీక్షకి ముందు ఇంకొక్కసారి చూద్దామని పొట్టి బల్ల మీదికి వంగింది. నీలి చెయ్యి పైపు అడుగుకి చేరింది, ఆగింది. ఆగినప్పుడు చిటికెనవేలు కొంచెం పైకి లేచి, మళ్లీ ముడుచుకుంది.

పొట్టి ఆ వేలిని గుర్తుపట్టింది. చిన్నప్పుడు తనకి జడ వేస్తూ, చిక్కు దగ్గర ఊపిరి బిగబట్టినప్పుడల్లా నాన్న చిటికెనవేలు అచ్చం అలాగే లేచేది. పట్టేసింది సిస్టమ్ కాదు. కరిగిన లోహం కిందికి జారకుండా గట్టిపడేదాకా నాన్న ఆగుతున్నాడు. ఇంట్లో దిండు మీద కదలకుండా పడి ఉండే చెయ్యి ఇక్కడ తన ముందు పని చేస్తోంది. ఇన్నాళ్లూ తాను చెయ్యి దూర్చింది నాన్న చేతిలోనే.

పరీక్షలో ఆ చెయ్యి ఆగినచోట తానూ ఆగింది. అతుకు నిలిచింది.

మర్నాడు నాన్నని బతిమాలి తీసుకొచ్చింది. "ఎందుకమ్మా, నన్ను చూసి ఎవరికేం లాభం," అని గొణుగుతూనే వచ్చాడాయన. పొట్టి ఆయనకి కళ్లజోడు పెట్టింది. నీలి చెయ్యి బల్ల మీదికి రాగానే ఆయన గొణుగుడు ఆపి, వంగి చూశాడు.

"నా చేతికి తీగలు చుట్టి పని చేయించుకున్నారు ఒకసారి. ఎందుకో అడగలేదు నేను," అన్నాడు.

ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి, ఆ వెలుగులో పెట్టాడు. హాల్లో బల్ల బల్లకీ ఒకరు, అదే చేతిలో చెయ్యి దూర్చి నేర్చుకుంటున్నారు. కళ్లజోడు తీసి వాళ్లందరినీ చూశాడు.

"నేనే ఇంట్లో కూర్చున్నానన్నమాట," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఈ చెయ్యి రోజూ డ్యూటీకి వస్తూనే ఉందే."