చేటలో తొమ్మిది రాళ్లు

చోటీ బీ చేటలో బియ్యం పోసి, కొంగున కట్టుకొచ్చిన రాళ్లను ఒక్కొక్కటిగా అందులో వదిలింది. అవి గింజకన్నా పెద్దవి కావు. రంగు కూడా బియ్యం రంగే. వేళ్లతో ఒకసారి కలిపి, చేట అంచుకు గుచ్చిన సూదిలోంచి నిన్నటి నల్లదారం లాగేసి, భర్త చెవి దగ్గరకు వంగి "నౌ" అంది. తొమ్మిది అని. చాంద్‌పాషా తల ఊపాడు. ఆ లెక్క ప్రతి ఉదయం మారుతుంది. వాళ్లిద్దరికీ తప్ప మూడో మనిషికి తెలియదు.

"ఊళ్లె ఆడోళ్లందరు రాళ్లు ఏరి పారేస్తరు. నేను దాసిపెట్టి మళ్ల కలుపుత," అని, పద్నాలుగేళ్లుగా అంటున్న మాటే ఈరోజూ అని, టిఫిన్ గిన్నె బల్ల కింద పెట్టి ఆమె ఇంటికి వెళ్లింది.

కేసముద్రం స్టేషన్ నుంచి మార్కెట్ యార్డుకు పోయే దారిలో, కమీషన్ మీద ధాన్యం అమ్మిపెట్టే రెండు అడ్తి దుకాణాల మధ్య ఇరుక్కున్న ఆరడుగుల కళ్లద్దాల దుకాణం అది. ఒక గోడకు ఫ్రేములు వేలాడుతుంటాయి. రెండో గోడకు మూల పాదరసం రాలిన అద్దం. బల్ల మీద చెక్కపెట్టె, అందులో మఖ్మల్ గుంటల్లో వరసగా పరీక్ష అద్దాలు. దుకాణం పెట్టిన కొత్తలో అక్షరాల పటం కూడా ఒకటి ఉండేది. వచ్చిన పదిమందిలో ఇద్దరికే చదవడం వచ్చని మొదటి నెలలోనే తేలిపోయింది. చాంద్‌పాషా పటాన్ని గోడవైపు తిప్పేసి, ఇంట్లోంచి చేట తెచ్చాడు. ఆడవాళ్లకు రాళ్లు, దర్జీలకు సూది. కొత్త అద్దాలు పెట్టుకుని చేటలోని రాళ్లన్నీ ఏరితేనే ఆ అద్దాలు వాళ్ల చేతికి వస్తాయి. ఒక్క రాయి మిగిలినా మళ్లీ మొదటి నుంచి చూస్తాడు.

గుమ్మం పైన రేకు బోర్డు ఉంది. "ఒకే ధర" అని తెలుగులో, ఉర్దూలో ఆయనే రాసుకున్నాడు. అరవై తొమ్మిది తెలంగాణ గొడవల ఏడాది రంగు అది. ఎండకు ఎరుపు పోయి ఇటుక రంగు తేలింది.

పది గంటలకు ఎదురుగా ఉన్న అడ్తి దుకాణం యజమాని వెంకటనర్సయ్య రోడ్డు దాటి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. జేబులోంచి పేపరులో కత్తిరించిన ప్రకటన ఒకటి తీసి బల్ల మీద పరిచాడు.

"చూడు పాషా భాయ్. ఢిల్లీ కంపెనీ. ఈడు ఎంతనో రాసి పంపుతె సాలట, కండ్లద్దాలు పోస్టుల ఇంటికే అస్తయి. పన్నెండు రూపాలు. నీయెంత?"

"ఇరవై రెండు. మీకు ఎర్కలేదా సేట్, మీ ముక్కు మీదున్నయి నావే గద."

వెంకటనర్సయ్య నవ్వి అద్దాలు సర్దుకున్నాడు. "గందుకే నీ కాడికచ్చిన. బాపు సంవత్సరీకానికి యార్డుల ధాన్యం చెరిగే ఆడోళ్లకు అద్దాలు ఇప్పియ్యాలనుకుంటున్న. ఇరవై ఐదు మంది. మన ఊరోనివి నువ్వుండంగ పైసలు ఢిల్లీకి ఎందుకు పోవాలె? వాళ్ల ధరకు ఇయ్యి, ఆర్డరు నీకే. వాళ్లకు కార్డు రాసే పెట్టిన, ఇంక పోస్టు డబ్బల ఎయ్యలే."

చాంద్‌పాషా ప్రకటన మీద వేలు పెట్టి చదివాడు. ఆ వేళ్ల చివర్లు గాజుపొడికి నున్నగా అరిగిపోయి ఉన్నాయి. వానలు మొదలైనప్పటి నుంచి వారానికి నాలుగు జతలు కూడా పోవడం లేదు. పోస్టుమాన్ సైకిల్ మీద చిన్న చిన్న అట్టపెట్టెలు తన గుమ్మం ముందు నుంచే ఊళ్లోకి పోతున్నాయి. పన్నెండుకు ఇవ్వలేక కాదు. వరంగల్‌లో తయారు అద్దాలు డజన్ల లెక్కన దొరుకుతాయి. రెండు కళ్లకూ ఒకటే పవరు. చూడాల్సిన పని లేదు, అరగదీయాల్సిన పని లేదు. పైగా జతకు రెండు రూపాయలు మిగులుతాయి. ఈ ఆర్డరు రాకపోతే దీపావళి దాకా దుకాణం నిలవదని ఆయనకు తెలుసు. ఆ తయారు సరుకు ఇరవై ఐదు ముక్కుల మీద పెట్టాక నిలిచేది ఏ దుకాణమో మాత్రం తెలియలేదు.

"ధర సమానం చేస్త సేట్," అన్నాడు. "వాళ్లు పని సమానం చేస్తరా? గా ఢిల్లీ ఆయనను రమ్మనుండ్రి. ఈ చేట ముంగట కూసోని ఒక్కొక్కల కన్ను చూడమనుండ్రి. గప్పుడు నేను గూడ పన్నెండే తీసుకుంట."

"జిద్దు చెయ్యకు. జమాన ఎటు పోతాంది, నువ్వెటు పోతానవ్?" వెంకటనర్సయ్య లేచాడు. "సాయంత్రం డాక్ దాక ఆగుత. నువ్వచ్చి చెప్పుడు గూడ అద్దు. గా బోర్డు తీసెయ్, సాలు. నా గద్దె మీదికెల్లి కనబడ్తది. తీస్తె ఆర్డరు నీది. తియ్యకుంటె కార్డు డబ్బల పడ్తది."

మధ్యాహ్నం యార్డులో కూలీలను అన్నాలకు వదిలిన వేళ గంగి వచ్చింది. యార్డులో ధాన్యం చెరిగే ఇరవై ఐదు మందిలో ఆమె ఒకతె. తల నిండా పొట్టు, ముక్కు మీద మెరిసే కొత్త అద్దాలు. గుమ్మం ఎక్కబోయి కాలు గాల్లో ఎత్తుగా వేసి, తడబడి తలుపు పట్టుకుంది.

"పాషన్నా, ఇగో, సేటు నమూనా అని ఇచ్చిండు. పెట్టుకుంటె భూమి పైకి లేస్తాంది. తోవల బర్రె ఒక్కటుంటె రెండు కనబడ్డయి."

"మంచిదే గద. ఒక బర్రెకు రెండాయె."

"పాలు ఒకదానియ్యే అస్తయి గద!"

చాంద్‌పాషా చేట ముందుకు జరిపాడు. ఆమె అలవాటుగా మోకాలు మడిచి కూర్చుని, తల అటూ ఇటూ తిప్పుతూ వెతికింది. ఏరి పక్కన పెట్టినవి అయిదు. వాటిలో రెండు రాళ్లు, మూడు నూకలు.

"నీ ఈడు ఎంతని రాసిండ్రు?"

"అరవై. గుమస్తా అందరికి అరవయ్యే రాసిండు. మా తోటికోడలు నాకన్న పదేండ్లు చిన్నది, దానికి గూడ అరవయ్యే. మా ఈడు మాకు ఎర్కుంటె గద! పోలీసు యాక్షన్ నాడు నా పెద్దోడు సంకల ఉన్నడు, గంతే నాకెర్క."

"అంటె నీకు అరవై నిండలే." ఆయనకు నవ్వొచ్చింది. ఇరవై ఐదు మందికి ఒకటే ఈడు, యాభై కళ్లకు ఒకటే పవరు. "ఇటు రా, వెల్తురుకు."

బరువైన పరీక్ష ఫ్రేము ఆమె ముక్కుకు తగిలించి ఒక కన్ను మూశాడు. ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకొకటి పెట్టాడు. ఎడమ కన్ను తేలిక. కుడి కంటికి దానికన్నా బాగా ఎక్కువ కావలసి వచ్చింది. ఆమె చేయి చేటలోకి పోయి, వెతుకులాట లేకుండా మూడు రాళ్లు వరసగా తీసింది. ఆయన చేట వెనక్కు లాక్కుని ఏరిన రాళ్లన్నిటినీ మళ్లీ బియ్యంలో కలిపేశాడు.

"సాలు. అన్నీ నీ అద్దాలతోటి ఏరుదువు గని. ఇరవై రెండు."

"పోస్టుల పన్నెండట గదా. గందుకే ఇయ్యి."

"ఇయ్య."

"పదిహేను."

"ఇరవై రెండు."

"ముసలోనివైనవ్ గని నీకు బుద్ధి రాలే పాషన్నా."

"బుద్ధి పన్నెండుకు దొర్కుతదేమొ, పోస్టుల తెప్పించుకో."

గంగి విసురుగా లేచి రోడ్డు మీదికి నడిచింది. అడ్తి దుకాణం దాకా పోయి ఆగి, నమూనా అద్దాలు ఒకసారి పెట్టుకుంది, తీసింది. చాంద్‌పాషా పిలవలేదు. పెట్టె సర్దుతూ కూర్చున్నాడు. ఆమె తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది. గొంతులో ఇందాకటి ఎకసెక్కెం లేదు.

"నిన్న నేను చెరిగిన ధాన్యంల రాళ్లచ్చినయట. రేపు గూడ అస్తె పనికి రావద్దన్నరు. సాయంత్రానికి అయితయా?"

"పొద్దు గూకకముందు రా. వెల్తురుండాలె."

ఆమె పోయాక ఆయన టిఫిన్ గిన్నె విప్పలేదు. గుండ్రటి అద్దం తీసి ఫ్రేము మీద పెట్టి, సిరాతో గీత గీసి, పట్టకారు లాంటి శ్రావణంతో అంచు కొద్దికొద్దిగా కొరికాడు. గాజు ముక్కలు చిటపటమంటూ రేకు పళ్లెంలో పడ్డాయి. తర్వాత సాన. కాలితో తొక్కుతూ, పైనుంచి చుక్క చుక్కగా నీళ్లు వదులుతూ, అంచును చక్రానికి ఆనించాడు. అద్దం ఫ్రేములో పెట్టడం, తీయడం, వెంట్రుకవాసి అరగదీయడం, మళ్లీ పెట్టడం. ఎడమ అద్దం కుదిరేసరికి రెండున్నర బండి కూత వేసింది. కుడి అద్దం మందం. దానికి ఇంకో గంట పట్టింది. మధ్యలో రెండుసార్లు ఎడమ చెయ్యి భుజం దగ్గర్నుంచి లాగితే సాన ఆపి, వేళ్లు విదిలించి మళ్లీ తొక్కాడు.

అద్దాలు గుడ్డతో తుడిచి చేటలో పెడుతుంటే గాలి లేచింది. గుమ్మం పైన రేకు టకటకమంది. తలెత్తి చూస్తే బోర్డు ఒక పక్కకు ఒరిగి ఉంది. పద్నాలుగేళ్ల మేకు, చుట్టూ సున్నం రాలిపోయింది. గాలికి పడితే తను తీసినట్టే అవుతుందని ఆయనకు తట్టింది.

స్టూలు ఎక్కాడు. ఊపిరి అందక కాసేపు తలుపుచెక్క పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత బోర్డును మేకు నుంచి తప్పించి కిందికి దించి, గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

ఎదుటి గద్దె మీద కదలిక కనిపించింది. నిమిషం తిరక్కుండా గుమస్తా ప్రతాప్ రోడ్డు దాటి పరుగున వచ్చాడు.

"సేటు మస్తు ఖుషీ అయిండు. ఎన్ని దినాలల్ల ఇస్తవో అడుగుమన్నడు."

"చెప్త. జర గీ బోర్డు పట్టుకో."

ప్రతాప్ పట్టుకున్నాడు.

"పైకి లేపు. ఇంక జర. ఆఁ, గక్కడ్నే."

చాంద్‌పాషా జేబులోని రెండు కొత్త మేకుల్లో ఒకటి తీసి గుమ్మం పైచెక్కలోకి దిగేలా సుత్తితో కొట్టాడు. రెండోదీ కొట్టాడు. పట్టుకున్నవాడికి తను ఏం పట్టుకున్నాడో అర్థమయ్యేసరికి రెండు మేకులూ తలల దాకా దిగిపోయాయి.

"ఇదేందే పాషా భాయ్! నన్ను పట్టుకొమ్మని..."

"సేటుకు చెప్పు. అరవై తొమ్మిదిల రైళ్లు ఆగి సరుకు రాకుంటె, ఊరంత ఒకటికి రెండు చేసి అమ్మిండ్రు. నేను చెయ్యలే. మందిని జూసి పెంచలే. మందిని జూసి దించ." స్టూలు దిగుతూ ఆయన నవ్వాడు. నుదురంతా చెమట. "ఇంకోటి గూడ చెప్పు. ఇరవై ఐదు మందిని నా చేట కాడికి తోలుమను. చూసుడు ముఫత్. అద్దాలు ఇరవై రెండు."

ప్రతాప్ వెళ్లి చెప్పాడు. వెంకటనర్సయ్య గద్దె మీద నుంచి బోర్డును కాసేపు చూశాడు. జేబులోని కార్డు తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. డాక్‌కు ఇంకా టైముంది.

చాంద్‌పాషా సుత్తి బల్ల కింద పెట్టి, తన చోటులో కూర్చుని గోడకు ఆనుకున్నాడు. పడమటి ఎండ గుమ్మంలోంచి వచ్చి చేట మీద పడుతోంది. గంగి వచ్చే వేళకు అది సరిగ్గా సరిపోతుంది. తుడుపు గుడ్డ ఒళ్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

గంగి వచ్చేసరికి ఆయన అలాగే ఉన్నాడు.

"పండుకో, పండుకో. పొద్దంత నా ఒక్కదానికే కొట్టుకున్నవ్," అని ఆమె గొంతు తగ్గించి చేట ముందు కూర్చుంది. కొత్త అద్దాలు పెట్టుకుంది. బియ్యం ఒక్కసారిగా గింజలు గింజలుగా విడిపోయింది. గింజ మొన, గింజ మీది గీత, అన్నీ తెలిశాయి. మొదటి రాయి దానంతటదే వేళ్లలోకి వచ్చినట్టయింది. ఏరిన ప్రతి రాయినీ చేట అంచున వరసగా పెట్టుకుంటూ పోయింది. ఎనిమిది అయ్యాక బియ్యాన్ని వేళ్లతో పలచగా పరిచి మళ్లీ వెతికింది. మూలన ఒకటి, నూక కన్నా చిన్నది. దాన్నీ తీసింది. ఊపు మీద సూదిని కూడా అందుకుంది. నల్లదారం మొదటిసారికే ఎక్కింది.

"తొమ్మిది పాషన్నా! ఇంకున్నయా? చెప్తెనే గద నేను పోయేది." ఆయన పలకలేదు. "గివ్వాల గూడ ఆటనేనా?" అంటూ ఆమె బియ్యాన్ని ఇంకోసారి కలిపింది.

చాయ్ గ్లాసుతో చోటీ బీ గుమ్మంలోకి వచ్చింది. ఒక అడుగు వేసి ఆగింది. గ్లాసు కింద పెట్టింది. భర్త పక్కన కూర్చుని, ఒళ్లోని చేతిని తన చేతిలోకి తీసుకుంది. చాలాసేపు వదల్లేదు.

దగ్గరి చూపు అద్దాల్లోంచి గంగికి బియ్యం తప్ప మిగతాదంతా మసకగానే ఉంది. చేట మీద నుంచి తలెత్తకుండానే అడిగింది. "నువ్వన్న చెప్పు చోటమ్మా. అయినయా?"

చోటీ బీ చేట అంచున ఉన్న రాళ్లను చూసింది. పొద్దున తన వేళ్ల మధ్య నుంచి జారినవే.

"అయినయ్," అంది. "తొమ్మిదే. అద్దాలు ఇగ నీయి."

ఆ గొంతుకు గంగి అద్దాలు తీసి చూసింది.

మొదట రోడ్డు దాటి వచ్చింది వెంకటనర్సయ్యే. బోర్డు కింద ఆగి, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ముక్కు మీది అద్దాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత గది జనంతో నిండింది. చాంద్‌పాషాను ఇంటికి మోసుకుపోయేముందు గంగి కొంగు ముడి విప్పి నోట్లు చేట కింద పెట్టింది. ఇరవై రెండు. ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు.

జనం వెళ్లిపోయాక ఆ గదిలో పడమటి ఎండ ఇంకొంతసేపు నిలిచింది. బల్ల పక్కన చేట అలాగే ఉంది: మధ్యలో రాయి లేని బియ్యం, అంచున వరసగా తొమ్మిది రాళ్లు, సూదిలో ఎక్కించిన నల్లదారం.