గోడకు పట్టిన పొడ

బైబిలు నిండా సైన్సే ఉందని జయరాజు పాస్టరుగారు మొదలుపెట్టారంటే ఆపడం ఎవరి తరమూ కాదు. భూమి ఏ ఆధారమూ లేకుండా వేలాడుతోందని యోబు ఏనాడో చెప్పాడంటారు. ప్రాణం నెత్తురులో ఉందని మోషే ఏ కాలేజీలో చదివి రాశాడంటారు. బొల్లాపల్లి చుట్టుపక్కల పల్లెల్లో ఆయన ప్రసంగమంటే జనం విరగబడి వస్తారు. ఇంట్లో మాత్రం వినే నాథుడు లేడు. కొడుకు నెలకు ఇరవై రోజులు లారీ మీదే ఉంటాడు. కోడలు సుప్రజ హైస్కూల్లో సైన్సు టీచరు మరి.

“ఇంటి గోడకు పొడ, అదే తెగులు, పడితే పిట్టను కోసి నెత్తురు ఏడు మాట్లు చల్లమని కూడా ఉంది గదా మావయ్యా, అది ఏ క్లాసు పాఠం?” అని ఆమె అడిగేది. ఆయన టీ చల్లారిపోతోందని గ్లాసు వైపు తిరిగేవారు.

మోషే కాలం వాళ్ళవి చూసి చూసి నేర్చుకున్న జాగ్రత్తలు, మన అమ్మమ్మల వంటింటి తెలివి లాంటివి, దాన్ని సైన్సు అనకండి అని సుప్రజ వాదన. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఈ మామాకోడళ్ళ పోట్లాట వీధిలో అందరికీ కాలక్షేపం.

ఆ ఏడు కోతల పండుగకు సంఘం వాళ్ళు కానుకగా మిరపకాయల బస్తాలు తెచ్చారు. తొక్కి నింపేటప్పుడు కాయ విరగకుండా నీళ్ళు చల్లడం ఇక్కడ అలవాటే. అలా తడిపిన బస్తాలు పదకొండు, నడిమి గదిలో గోడవారగా పేర్చారు. దేవుని సొత్తు, చర్చిలో జరగబోయే పెద్ద సభలు అయ్యేదాకా కదపకూడదన్నారు జయరాజు. ఆ గదిలోనే సుప్రజ కూతురు లహరి పడుకునేది. ఆరేళ్ళ పిల్ల. నెల తిరక్కుండానే పిల్లకు దగ్గు పట్టుకుంది. పొడి దగ్గు, మూడు సార్లు తెరలుగా వచ్చి, చివర సన్నగా ఈల. మందులకు తగ్గలేదు. ఈల వేసినప్పుడల్లా పిల్ల మెడ కింద గుంట పడేది. సుప్రజ రాత్రంతా పిల్లను కూచోబెట్టి వీపు నిమిరేది.

ఒకరోజు ఆమె ఇక ఆగలేక బస్తాలు తనే బయటికి లాగేసింది. వెనక గోడంతా పచ్చటి మచ్చలు, నడుమ ఎర్రటి చారలు. పైపైన కాదు, గోడలోకి గుంటలు పడి దిగాయి. చెయ్యి పెడితే తడి. బయట ఏప్రిల్ ఎండకు కాకులు కూడా ఎగరడం లేదు.

జయరాజు చూసి ఎగిరి గంతేసినంత పని చేశారు. “పచ్చన, ఎర్రన, గోడలోకి పల్లం! అచ్చం మోషే రాసినట్టే ఉందమ్మా!” ఫోను తీసి నాలుగు వైపుల నుంచీ ఫోటోలు కొట్టారు.

“పిల్లకు ఊపిరాడక చస్తా ఉంటే మీకు సంబరంగా ఉందా?” అని అరిచింది సుప్రజ. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

అయినా ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చారు. ఇల్లు ఖాళీ చేసి ఏడు రోజులు తాళం పెట్టాలని ఆయన పుస్తకం. బూజు ఉన్న గదిలో పిల్లను ఉంచకూడదని ఆమె పుస్తకం. అందరూ వీధి చివర చర్చి పక్క గదిలోకి మారారు. ఆ రోజు నుంచి లహరి ఒక్కసారి కూడా దగ్గలేదు. దేవుని మహిమ అన్నారు ఆయన. గాలి మార్పు అంది ఆమె.

మూడో రోజు మధ్యాహ్నం పక్కింటి ఖదీజా చర్చి గదికొచ్చింది. చాప మీద బొమ్మలు గీసుకుంటున్న లహరిని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

“పాప ఇక్కడుందా? మరి మీ ఇంట్లో దగ్గేది ఎవురు సుప్రజా?”

“ఇంటికి తాళం గదక్కా.”

“తాళం నాకూ కనపడింది. పొద్దుట్నించి వింటున్నా. మూడు సార్లు దగ్గి ఈల వేస్తా ఉంది.” ఖదీజా ముఖం పాలిపోయి ఉంది.

పిల్లి అయ్యుంటుందిలే అంది సుప్రజ. అందే గానీ, మర్నాడు బడిలో ఏం పాఠం చెప్పిందో ఆమెకు గుర్తు లేదు.

ఏడో రోజు తాళం తీస్తే మచ్చ పైకప్పు దాకా పాకి ఉంది. రాసి ఉన్నట్టే మచ్చ పట్టిన గోడ రాళ్ళు పీకించి, గోడ గీకించి, కొత్త సిమెంటు పూయించారు జయరాజు. పెద్ద సభల వాళ్ళు ఆదివారం వస్తున్నారు. బాగుపడిన ఇల్లూ, బాగుపడిన మనవరాలూ సాక్ష్యమని వాళ్ళకు మాటిచ్చేశారు. శనివారం మధ్యాహ్నం పిల్లను ఇంటికి తెమ్మన్నారు.

పిల్లను చర్చి గదిలోనే పడుకోబెట్టి సుప్రజ ఒక్కతే వచ్చింది. కొత్త గోడ మీద ఆయన తీసిన మచ్చల ఫోటోలతో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టి ఉంది, పక్కనే జయరాజు దాని తాళ్ళు బిగిస్తున్నారు. అంచు పట్టుకుని లేపింది. కొత్త సిమెంటులోంచి పచ్చటి గుంటలు, ఎర్రటి చారలు.

“మీకు తెలుసు,” అంది. “తెలిసే కప్పారు.”

ఆయన ఫ్లెక్సీ అంచు మళ్ళీ గోడకు నొక్కారు.

“గీకినాక మళ్ళీ వస్తే ఏం చెయ్యమని ఉంది మావయ్యా? ఆ తర్వాత వచనం చదవండి.”

“ఇల్లు... పడగొట్టమని ఉంది. అది ఆ కాలానికమ్మా.”

“ఫోటోలు తీసినప్పుడు ఈ కాలానికీ పనికొచ్చిందిగా!”

అప్పుడు గోడ దగ్గింది.

మూడు సార్లు. తెరలు తెరలుగా. చివర సన్నగా ఈల. లహరి ఈలే, మరొకరిది కాదు. ఫ్లెక్సీ కొంచెం ఉబ్బి, మళ్ళీ గోడకు అంటుకుంది. తలుపులు మూసే ఉన్నాయి, గాలి లేదు.

ఎన్ని సభల్లోనో గొంతెత్తిన ఆ మనిషి మెల్లగా గోడ దగ్గరికి నడిచారు. గోడకు చెవి ఆనించారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “తప్పు చేశానమ్మా,” అన్నారు. “అందరికీ చూపిచ్చుకోడానికే చదివా. భయపడటానికి చదవలా.”

పెరట్లోకి వెళ్ళి గునపం తెచ్చారు. డెబ్బై ఏళ్ళ మనిషి, చొక్కా అయినా విప్పకుండా మొదటి పోటు మచ్చ నడిమధ్యన పొడిచారు. మళ్ళీ మొదలైన దగ్గు టక్కున ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం సుప్రజ గుండెలో దిగింది. పిల్ల ఊపిరి ఈ గోడలో ఉండి ఆగితే, అక్కడ పిల్లలో ఏముంది? పిచ్చి ఆలోచనని తెలుసు. తెలిసీ చెప్పులు వదిలేసి కాలే రోడ్డు మీద పరుగెత్తింది.

లహరి చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది. కదలడం లేదు. సుప్రజ కూలబడి పిల్ల ఎదమీద చెవి పెట్టింది. ఏమీ వినపడలేదు. తన గుండె చప్పుడే చెవులు పగిలేలా మోగుతోంది. ఏ దేవుణ్ణి ఏమని మొక్కిందో ఆమెకే తెలియదు. అప్పుడు చెవి కింద ఆ చిన్న ఎద మెల్లగా పైకి లేచింది. ఈల లేదు. గరగర లేదు.

“అమ్మా, తల తియ్యవే, చక్కిలిగిలి అవతాంది,” అంది పిల్ల కళ్ళు తెరవకుండానే.

సుప్రజ భోరున ఏడ్చింది. వీధి ఆ చివర నుంచి గునపం చప్పుడు ఆగకుండా వస్తూనే ఉంది.

“తాతయ్య ఏం చేస్తన్నాడు?”

“ఇల్లు పడగొడతన్నాడు.”

“ఎందుకు?”

తేమ, బూజు, ఊపిరితిత్తులు, అన్నీ బోర్డు మీద బొమ్మ గీసి చెప్పగలదు సుప్రజ. పదిహేనేళ్ళుగా చెబుతూనే ఉంది.

“నీ దగ్గు ఆ ఇంట్లో ఉండిపోయిందమ్మా,” అంది పిల్లను ఒళ్ళోకి తీసుకుని. “అందుకని.”