కోరంగి కాదు, బారువ

కన్నారావు దిక్కులేనివాడిలా చచ్చాడు. ఆ పని మీది. మీరంటే ఎవరో చెబుతాను, పక్కవాడి మొహం చూడకండి. షికారుకొచ్చే దొరల కోసం బర్మాలో ఈ రంగం పట్నం గొప్పలు పుస్తకంగా అచ్చేసిన ఓడ కంపెనీ వారూ, మీరు. మనిషి పేరు అడిగే ఓపిక లేక జాతి పేరు రాసి ఊరుకున్న ఆసుపత్రి గుమాస్తా గారూ, మీరు. ఏడాదికోసారి సభ పెట్టి ఒకరి మెళ్ళో ఒకరు దండలేసుకునే మన తెలుగు పెద్దలూ, మీరు. ఇంకో మనిషి కూడా ఉన్నాడు. వాణ్ణీ దాచను.

కన్నారావుది గంజాం జిల్లాలో బారువ. రంగంలో పదకొండేళ్ళు రిక్షా లాగాడు. అక్షరం ముక్క రాదు. కానీ ఈ ఊరి కథ వాడి నోట వినాలి. స్ట్రాండ్ రోడ్డులో దొరని ఎక్కించుకున్నాడంటే బర్మా మాటలు రెండు, ఇంగ్లీషు మాటలు రెండు, మిగతాది చేతులతో చెప్పుకుంటూ పోయేవాడు. ఇది ఒకప్పుడు దగోన్ అనే ఊరనీ, బర్మా రాజొకడు గెలిచి 'పోరు తీరింది' అని అర్థం వచ్చేలా యాంగోన్ అని పేరు పెట్టాడనీ, అదే మన నోళ్ళలో నలిగి రంగం అయిందనీ చెప్పేవాడు. సూలే పగోడా చుట్టూ తిప్పుతూ, గీత గీసినట్టున్న ఈ వీధులన్నీ ఒకనాటి బురదేననీ, మట్టి మోసి పూడ్చారనీ చెప్పేవాడు. కొండమీది ష్వేడగోన్ పగోడా మెట్ల దగ్గర, ఆ పెద్ద రాతి సింహాల మధ్య బండి దించి గంట కథ ఎత్తుకునేవాడు. ఇంగ్లీషు సిపాయిలు కొండమీది గంటని ఎత్తుకుపోబోతే అది ఏట్లో మునిగింది. వాళ్ళ ఇంజనీర్లు తియ్యలేకపోయారు. బర్మా వాళ్ళు వెదుళ్ళు కట్టి తేల్చి, మళ్ళీ కొండెక్కించుకున్నారు. ఈ కథ ఇంగ్లీషు వాళ్ళకే చెప్పేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. బూట్లు విప్పాల్సి వస్తుందని పైకి మాత్రం ఎక్కేవాళ్ళు కాదు.

“నానైతే రోజూ ఎక్కొచ్చు పంతులూ. దొరకి ఆ బాగ్గెం లేదు, బూట్లడ్డం” అనేవాడు నాతో.

నేను పజండౌంగ్ మిల్లులో బియ్యం బస్తాలు మోసేవాణ్ణి. నాలుగు ముక్కలు సొంతంగా నేర్చుకుని ఉత్తరాలు రాసిపెడతానని తామ్వేలో మేం కాపురముండే కూలీల కొట్ల వాళ్ళు ఎగతాళికి పంతులు అని పిలిచేవాళ్ళు.

ఆ కథ విన్న దొర ఒకడు కన్నారావుని సింహం పక్కన నిలబెట్టి ఫొటో తీశాడు. మరుసటి శీతకాలానికి అది ఓడ కంపెనీ పుస్తకంలో వచ్చింది. గంట కథ ఉంది. వీధుల కథ ఉంది. అవి ఎవరు చెప్పారో లేదు. బొమ్మ కింద ఒకటే మాట, 'కోరంగి'. పక్క పేజీలో, 'ఓడ దిగగానే ఒక కోరంగిని కేకెయ్యండి. ఊరంతా తిప్పుతాడు, అలుపెరగడు' అని ఉంది. ఆ బొమ్మ తీసేనాటికే వాడు రాత్రుళ్ళు గోడకి ఆనుకుని దగ్గుతున్నాడు.

ఈ మాట సంగతి తెలియని వాళ్ళకి చెప్పాలి. కోరంగి గోదావరి మొగలో ఒక పాత రేవు. తాతల కాలంలో మనవాళ్ళు అక్కడ ఓడెక్కి ఇక్కడికొచ్చారు. తర్వాత ఉప్పెన ఆ ఊరిని ముంచింది, మేట వేసి రేవు పూడిపోయింది. ఓడలు ఆగిపోయాయి. పేరు ఆగలేదు. విశాఖపట్నం వాడైనా, కళింగపట్నం వాడైనా, బారువ వాడైనా, రంగంలో దిగిన తెలుగు కూలివాడు కోరంగి. బర్మావాడికీ అంతే, దొరకీ అంతే, అరవ గుమాస్తాకీ అంతే. ఆ మాట అనేటప్పుడు వాళ్ళ పెదవి ఎలా వంగుతుందో చూసినవాడికి ఒళ్ళు మండుతుంది. నాకు మండింది. ఆరేళ్ళు కొట్టుకొట్టుకీ తిరిగి చెప్పాను. ఎవడైనా నిన్ను కోరంగి అంటే కాదను, నీ పేరు చెప్పు, నీ ఊరు చెప్పు అన్నాను.

“పేరు సెప్తే బండెక్కుతాడేటి?” అనేవాడు కన్నారావు. కొట్టంతా నవ్వేది.

ఇరవై అయిదో సంవత్సరం డిసెంబరులో వాడు పగోడా మెట్ల ముందే కూలిపోయాడు. నోట్లోంచి నెత్తురు పడింది. బండిలో దొర దిగి ఇంకో బండి ఎక్కాడు. వెనకాల బండి లాగుతున్న మావాడు వీరన్న కన్నారావుని భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. గుమాస్తా తల ఎత్తకుండా, “కోరంగి?” అన్నాడు. వీరన్న అవునన్నాడు. పుస్తకంలో రాశారు, 'కోరంగి, మగ, రిక్షా' అని. మంచం దొరికింది.

ఆ సాయంత్రం నేను వీరన్న మీద పడ్డాను.

“వాడి పేరు ఎందుకు చెప్పలేదురా?”

“అడగలేదు.”

“అడక్కపోతే నీకు నోరు లేదా?”

“ఆడు నా బుజం మీద రగతం కక్కుతన్నాడు పంతులూ. కోరంగా అంటే అవునన్నాను. సీనోడా అంటే దానికీ అవునందును. నీ మాట ఇనుంటే గేటు కాడే పోయీవోడు.”

నాకు బుద్ధి రాలేదు. కిటికీ దగ్గరికెళ్ళి వాడి పేరు రాయించనైనా లేదు. ఆదివారం చూడబోతే కన్నారావు నన్ను దగ్గరికి పిలిచాడు. “పంతులూ, మా సిలకమ్మని రమ్మని రాయి. పెల్లయ్యి పన్నెండేల్లు. దాని మొకం గట్టిగా మూడు నెల్లు సూళ్ళేదు. సూత్తే సాలు.” వాడు కోరింది అంతే. డాక్టరు కూడా ఎక్కువ రోజులు లేవన్నాడు.

ఉత్తరం రాశాను. ఆసుపత్రి పేరు, కన్నారావు పేరు ఇంగ్లీషులో రాసిన చీటీ ఒకటి లోపల పెట్టాను. చివర నా పొగరు కొద్దీ ఇలా రాశాను: 'అమ్మా, ఇక్కడ నిన్ను ఎవరైనా కోరంగి అంటే ఒప్పుకోకు. కాదని చెప్పు. మనకి ఊరుంది, పేరుంది.'

జనవరి చివర్లో చిలకమ్మ ఎక్కిన స్టీమరు వచ్చింది. వీరన్న రేవుకి వెళ్ళాల్సింది. అదే పొద్దున్న షికారు దొరల ఓడ కూడా వచ్చింది. రిక్షాలన్నీ తెల్ల తలపాగాలు చుట్టుకుని ఆ జెట్టీ ముందు వరసగా నిలబడాలని హుకుం. వరస తప్పితే లైసెన్సు పోతుంది. వీరన్న కదల్లేకపోయాడు. నేను మిల్లులో ఉన్నాను. సెలవు అడగలేదు. ఆసుపత్రి చీటీ ఉంది కదా, వచ్చేస్తుందిలే అనుకున్నాను.

ఆమె వచ్చింది. చీటీ చూపించుకుంటూ పది గంటలకల్లా ఆసుపత్రి కిటికీ ముందు నిలబడింది. గుమాస్తా చీటీ చదివి పుస్తకం తిరగేశాడు. వచ్చీరాని తెలుగులో అడిగాడు.

“కన్నారావు లేదు. కన్నయ్య లేదు. ఏం పని?”

“రిచ్చా లాగుతాడు బావూ.”

“రిక్షా కోరంగి ఒకడున్నాడు. మూడో వార్డు. నీ మనిషి కోరంగియేనా?”

చిలకమ్మ తండ్రి పడవ మీద ఉప్పు తోలినవాడు. కోరంగి ఎక్కడుందో ఆమెకి బాగా తెలుసు. గుమాస్తాకే తెలీదు. పైగా ఉత్తరంలో చివరి మాట ఆమె ఓడలో నలుగురి చేత చదివించుకుని కంఠతా పట్టింది.

“కాదు బావూ. కోరంగి గోదారి కాడుంది. మాది బారువ. మావోడు కోరంగోడు కాడు.”

“అయితే లేడు” అని గుమాస్తా పుస్తకం మూశాడు.

కసిరాడని ఆమె చెప్పలేదు. ఎండలో వచ్చావు, అక్కడ కుండలో నీళ్ళున్నాయి, తాగు అన్నాడట. ఆ కిటికీకి మూడో వార్డు ఎనభై అడుగులు. తర్వాత నేను నడిచి లెక్కపెట్టాను.

చిలకమ్మ ఏడవలేదు. సంతోషించింది. ఆసుపత్రిలో లేడంటే నయమైపోయాడు, మళ్ళీ బండి పట్టాడు అనుకుంది. నీళ్ళు తాగి, మూట నెత్తిన పెట్టుకుని, మొగుణ్ణి వెతుక్కుంటూ ఊళ్ళోకి బయల్దేరింది.

ఆ ఒక్కరోజులో ఆమె ఓడ కంపెనీ పుస్తకంలో చూడమన్నవన్నీ చూసింది. స్ట్రాండ్ రోడ్డులో మేడలు, ఏట్లో సంపాన్ పడవలు, సూలే పగోడా, లత పేటలో చీనావాళ్ళ దుకాణాలూ వేలాడే బాతులూ, చెరువులో తలకిందులుగా మెరిసే బంగారు శిఖరం. వేటినీ చూడలేదని కూడా చెప్పొచ్చు. ఆమె చూసింది రిక్షా వాళ్ళ మొహాలు. ఆ రోజు అందరికీ ఒకటే తెల్ల తలపాగా. దూరం నించి ప్రతివాడూ కన్నారావే. పరుగెత్తేది. దగ్గరికెళ్ళేసరికి వేరేవాడు. బండిలో దొరసాని ఒకతె ఈమెని చూసి ముచ్చటపడి కెమెరా ఎత్తిందట.

అయిదు దాటాక సూలే దగ్గర వీరన్న కంట పడింది. ప్రతి బండి వాడి మొహంలోకీ తొంగి చూస్తున్న ఆడమనిషిని చూసి వాడే పలకరించాడు.

“ఓలప్పా, ఎవులు కావాల?”

“బారువ కన్నారావు. రిచ్చా లాగుతాడు. ఆసుపత్రిలో నేడంట, నయమైపోనాది. నీకు ఎరికేనా తమ్ముడూ?”

“నేడని ఎవులు సెప్పినారు?”

“గుమస్తా బావు. కోరంగోడు ఒకడున్నాడంట, మీవోడేనా అన్నాడు. కాదన్నాను.”

“కాదన్నావా.”

“పంతులు గారు అలగే కదా రాసినారు.”

వీరన్న ఆమెని బండిలో కూర్చోబెట్టి ఆసుపత్రికి లాగాడు. జన్మలో ఆమె రిక్షా ఎక్కడం అదే మొదలు. గేటు మూసేశారు. పొద్దున్న రమ్మన్నారు.

పొద్దున్న ఎనిమిదికి నాతో కలిపి ముగ్గురం వెళ్ళాం. మూడో వార్డులో మంచం ఖాళీ. దుప్పటి మార్చేశారు. అక్కడి నర్సు మార్గరెట్ మన తెలుగు క్రైస్తవుల పిల్ల. చిలకమ్మని చూడగానే ఎవరో తెలుసుకుంది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

“నిన్న మూడు గంటలకి పోయాడప్పా. పొద్దుట్నించీ ఓడ కూత ఇంటూనే ఉన్నాడు. ఓడొచ్చిందా సిస్టరమ్మా అని అడిగాడు. వచ్చిందన్నాను. అయితే వొచ్చేత్తాది, దారి తెలకపోయినా అడుక్కోని వొచ్చేత్తాది అన్నాడు. తలుపు వైపు తిప్పి పడుకోబెట్టమన్నాడు. అలాగే పడుకోబెట్టాను.”

చిలకమ్మ ఆ తలుపు వైపు చూసింది. తర్వాత అడిగింది.

“నాను నిన్న ఆ కిటికీ కాడే ఉన్నాను కదా అమ్మా. పది గంటలకి ఉన్నాడా?”

“ఉన్నాడు.”

“మాటాడేడా?”

మార్గరెట్ అవునన్నట్టు తల ఊపింది.

శవం కోసం కిటికీకి వెళ్ళాం. ఎవరూ రాలేదు కాబట్టి తెల్లవారుజామునే బండిలో వేసి పంపేశామన్నారు. కోరంగిలు నలుగురు, ఒకే గొయ్యి. అందులో మావాడు ఏ పక్కనున్నాడంటే తెలీదన్నారు. వీరన్న కిటికీ చువ్వలు పట్టుకుని ఊపేశాడు. చిలకమ్మ వాడి చెయ్యి తీసింది. గుమాస్తాని అడిగింది, “మావోడి పక్కన పడుకున్న ముగ్గురూ ఎవులు బావూ? ఏ ఊరోళ్ళు? ఆళ్ళ పెల్లాలు కూడా రేపో మాపో ఓడ దిగుతారు కదా. ఆళ్ళకి ఏటని సెప్పాల?”

గుమాస్తా పుస్తకం చూశాడు. నాలుగు గీతల మీదా ఒకటే మాట. అతని మొహం పాలిపోయింది.

ఉత్తరంలో ఆ చివరి మాట నేను రాశానని ముందే చెప్పాను. నాలుగో ముద్దాయిని నేనే. నా పరువు కోసం ఆమె నోట్లో 'కాదు' పెట్టాను. అవునని ఉంటే అయిదు గంటలు మొగుడి దగ్గర కూర్చునేది. ఆమె ఇప్పుడు వీరన్న అక్క దగ్గర ఉంటోంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బావుండును.

అయితే నా తప్పు మీ తప్పుని కడగదు. ఇప్పుడు జరగాల్సింది చెబుతున్నాను, వినండి. గుమాస్తా గారూ, ఆ రోజు పుట తెరవండి. ఆ మాట కొట్టేసి, 'కన్నారావు, తండ్రి సన్యాసి, ఊరు బారువ' అని రాయండి. మిగతా ముగ్గురి పేర్లూ కొట్లలో వాకబు చేసి మేం తెస్తాం, అవీ రాయండి. గొయ్యి ఎక్కడో చిలకమ్మకి చూపించండి. ఇక మీదట మంచం మీద పడే ప్రతివాణ్ణీ మూడు అడగండి: పేరు, తండ్రి, ఊరు. తెలుగు పెద్దలూ, దండలు చాలు. ఆ కిటికీ దగ్గర పగలంతా కూర్చునేందుకు తెలుగు వచ్చిన మనిషిని ఈ వారంలో పెట్టించండి. పెట్టించలేకపోతే కుర్చీలు దిగండి. బండ్ల వాళ్ళంతా సోమవారం పది గంటలకి ఆ కిటికీ ముందుకి రండి. పేర్లు రాసేదాకా అక్కణ్ణించి కదలొద్దు.