ఆదివారం భోజనాల కేసు

విడాకుల కోసం మొగుడూ పెళ్ళామూ ఒకే మోపెడ్ మీద లాయరు దగ్గరికి వెళ్ళడం మీరెక్కడైనా చూశారా? అనకాపల్లిలో తబితా వెళ్ళింది. ఏం చేస్తుంది మరి, ఆటో దొరకలేదు! ఒళ్ళో నోటుబుక్కు, అందులో పదకొండు ప్రశ్నలు. ముందు కూర్చున్న వరదానం, హైస్కూలు డ్రిల్ మాస్టారు, స్పీడ్‌బ్రేకరు వచ్చినప్పుడల్లా "గట్టిగా పట్టుకో" అంటున్నాడు. తబితా మాత్రం సీటు కమ్మీనే పట్టుకుంది.

తగువంతా ఆదివారం గురించి. తబితా మాకవరపాలెంలో నర్సు. వారంలో ఆరు రోజులు బస్సులో నలిగిపోయే మనిషికి నడుం వాల్చడానికి ఉన్నది ఆ ఒక్కరోజే. ఆ రోజు చర్చిలో ఆశీర్వాదం అయ్యీ కాకముందే మగవాళ్ళ వైపు నుంచి మాస్టారు లేచి, గ్రౌండులో పిల్లల్ని పిలిచే గొంతుతో "ఇవాళ అందరికీ మా ఇంట్లోనే భోజనం!" అంటాడు. అందరూ అంటే పాస్టరు గారితో కలిపి తక్కువలో తక్కువ పన్నెండుమంది. ఆడవాళ్ళ వైపు కూర్చున్న తబితాకి ఆ కబురు ఊరందరితోపాటే తెలుస్తుంది. పదిహేడేళ్ళుగా ఇదే వరస. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఈ మహానుభావుడు అడక్కుండానే ఊరందరికీ పెట్టిస్తాడు. పుణ్యం ఆయనది, పొయ్యి ఆమెది.

మొన్న ఆదివారం ఒళ్ళు కాలిపోయే జ్వరంతో పద్దెనిమిది మందికి వండి వార్చింది. చివరి విస్తరి ఎత్తి, "ఇంక నావల్ల కాదండి, విడిపోదాం" అంది. ఆయనకీ రోషం పొడుచుకొచ్చి, "పద, లాయరు దగ్గరికే పోదాం" అన్నాడు. బుధవారం ఇద్దరూ సెలవు పెట్టారు.

లాయరు సూర్యకళ కళ్ళజోడు సర్దుకుంది. "చెయ్యి చేసుకుంటారా?"

"లేదండి."

"తాగుతారా?"

"చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షారసం తప్ప ఇంకేటీ ముట్టరు."

"మరేం చేస్తారమ్మా?"

"భోజనాలకి పిలుత్తారండి."

సూర్యకళ పెన్ను కింద పెట్టింది. తబితా నోటుబుక్కు తెరిచింది. "అది క్రూరత్వం కిందికి వత్తాదా అండి?"

"కష్టమమ్మా. జడ్జిగారు భోజనప్రియులైతే అసలు రాదు. ఇద్దరికీ ఇష్టమైతే కలిసి పిటిషన్ వేసుకోవచ్చు. కానీ క్రైస్తవులు ముందు రెండేళ్ళు విడిగా ఉండాలి. మీరెన్నాళ్ళుగా విడిగా ఉంటున్నారు?"

"ఈ రోజు పొద్దున్నించండి."

"ఇక్కడికెలా వచ్చారు?"

"ఈయన మోపెడ్ మీద."

సూర్యకళ దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పాస్టరు గారు రిజిస్టర్లో కొట్టేత్తే సరిపోదా అండి?"

"చాలదు. పెళ్ళి చర్చిలో జరిగినా విడాకులిచ్చేది కోర్టే."

"మా పాప షెకీనా, పదిహేనేళ్ళది, ఎవరి దగ్గరుంటాది?"

"పదిహేనేళ్ళ పిల్ల కాబట్టి దాని మాటా వింటారు."

"అడిగేమండి. కేబుల్ టీవీ ఎవరింట్లో ఉంటే ఆళ్ళింట్లోనంట."

"మీ పుట్టింటివాళ్ళిచ్చిన సామాను మాత్రం మీదే. గిన్నెలూ, గుండిగలూ..."

"గుండిగ వద్దు బాబోయ్! ఆయనకే ఇచ్చేయండి!"

ఇంత ఓపిగ్గా చెప్పే లాయరుని చూసి వరదానం మనసు పొంగిపోయింది. "ఎంత బాగా సెప్పేరండి! ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చేయండి, మేడం!"

"రాసుకోండి లాయరమ్మా, రాసుకోండి!" అని తబితా బల్ల మీద చరిచింది.

మాస్టారు నాలిక్కరుచుకున్నాడు. కాసేపటికి తబితా చివరి ప్రశ్న చదివింది. "జడ్జిగారికి నేనేటి సెప్పాలండి?"

"ఏమీ చెప్పక్కర్లేదు. ఆయనే అడుగుతారు, ఇది మీకు సమ్మతమేనా అని."

"నన్నా? నన్నడుగుతారా?"

"మిమ్మల్నే. మీరు కాదంటే అక్కడితో ఆగిపోతుంది."

తబితా కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. "పెళ్ళిరోజున పాస్టరు గారడిగేరండి, సమ్మతమేనా అని. ఆ తరవాత ఎవరూ అడగలేదు."

వరదానం తలెత్తలేదు. ఆ సాయంత్రమే సంచి సర్దుకుని, రెండేళ్ళ లెక్క మొదలెట్టడానికి స్నేహితుడు రోనాల్డ్ ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆదివారం వచ్చింది. పాయకరావుపేట నుంచి ఒక కుటుంబం కొత్తగా చర్చికి వచ్చింది, ఐదుగురు. ఆశీర్వాదం అయింది. మాస్టారు లేచాడు. తబితా అలవాటుగా కొంగు బిగించింది, అంతలోనే తన తెలివికి తనకే ఒళ్ళుమండింది.

నోరు తెరిచిన మాస్టారు ఆగాడు. ఆడవాళ్ళ వైపు తిరిగాడు. డ్రిల్ గొంతు ఎటు పోయిందో, "తబితా, ఈళ్ళని భోజనానికి పిలుద్దామనుంది. నీకు సమ్మతమేనా?" అన్నాడు.

చర్చి మొత్తం ఆమె వైపు తిరిగింది. తబితా గుండె కరిగిపోయింది. సరేననడం క్షణం పని. కానీ పదిహేడేళ్ళకి ఒక్కసారి అడిగిన ప్రశ్న, దానికి అబద్ధం చెప్పడమా!

"కాదండి. ఇవాళ నాకు ఓపిక లేదు."

"మా ఇంట్లో ఇవాళ భోజనాల్లేవండి!" అని మాస్టారు ఎప్పటి గొంతుతోనే చాటాడు. ఆకాశమేమీ విరిగి పడలేదు. వెనక బెంచీ నుంచి బుల్లమ్మ, "మా ఇంటికి రండర్రా, చేపల పులుసుంది" అని వాళ్ళని తీసుకుపోయింది.

బయట మాస్టారు మోపెడ్ స్టార్ట్ చేస్తుంటే తబితా దగ్గరికొచ్చింది. "చారూ అన్నమూ ఉన్నాయి. మీరొక్కరూ రండి."

"రెండేళ్ళలో నాలుగు రోజులైపోయేయి కదా. ఇప్పుడొత్తే లెక్క మళ్ళీ మొదటికొత్తాది. నీకు సమ్మతమేనా?"

తబితా వెనక ఎక్కి కూర్చుని ఆయన నడుం చుట్టూ చెయ్యేసి గట్టిగా పట్టుకుంది. స్పీడ్‌బ్రేకరు ఇంకా చాలా దూరంలో ఉంది.