ఉమ్మడి గోడ

వీధి చివరి రెండిళ్లకూ మధ్య గోడ ఒక్కటే. అటువైపు డ్రైవరు, అతని భార్య, ఇద్దరు పిల్లలు. ఇటువైపు టైలరమ్మ ఒక్కతే. భర్త పోయాక ఆమె ఇంట్లో కుట్టుమిషను చప్పుడు తప్ప మరో అలికిడి లేదు. పక్కింటి పిల్లల పోట్లాటలు మాత్రం గోడ దాటి వినిపించేవి. ఒక్కోసారి ఆమె ఇవతలినుంచే తీర్పు చెప్పేది. పిల్లలు వినేవాళ్లు కూడా.

ఆ కాలనీ ఇళ్లన్నీ ఒకే రకం సిమెంటు ఇటుకలతో కట్టినవి. వాటిలో కలిపిన ఇసుక మంచిది కాదనీ, గోడలు లోలోపలే పొడి అయిపోతున్నాయనీ చాలా ఏళ్లకు తేలింది. పాడైన ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టుకోవడానికి ప్రభుత్వం సాయం ప్రకటించింది. ఇంజనీరు వచ్చి పగుళ్లు కొలిచాడు.

డ్రైవరు ఇంటి పగుళ్లలో వేలు దూరేది. వెంటనే మంజూరైంది. టైలరమ్మ ఇంట్లో చెప్పుకోదగ్గ పగులే కనబడలేదు. ఎలా కనబడుతుంది? గోడ చిట్లినప్పుడల్లా ఆమె సిమెంటు పూసి, రంగు వేసేది. బట్టలిచ్చి వెళ్లేవాళ్ల ముందు ఇల్లు అసహ్యంగా ఉండకూడదని ఆమె పట్టుదల.

"మా ఆయన బద్ధకం ఇన్నాళ్లకు కలిసొచ్చింది వదినా" అని డ్రైవరు భార్య నవ్వి, టైలరమ్మ మొహం చూసి నాలుక కరుచుకుంది.

టైలరమ్మ కాళ్లరిగేలా ఆఫీసు చుట్టూ తిరిగింది. పగులు ఫలానా వెడల్పు ఉంటేనే సాయమని ప్రతిసారీ అదే జవాబు. ఇంటిని శుభ్రంగా ఉంచుకోవడం తప్పయిపోయిందా అని ఆమెకు ఏడుపొచ్చేది. అక్కడ ఏడవలేక ఇంటికొచ్చి ఏడ్చేది. పగుళ్లకు పూత పూయడం మానేసింది.

తమ సగం పడగొడితే ఆమె సగం ఒంటరిగా మిగులుతుందని, ఆమె సంగతి తేలేదాకా తామూ ఆగుతామన్నారు పక్కింటివాళ్లు. కానీ వానల్లో పైకప్పు పెచ్చు ఊడి చిన్నవాడి మంచం మీద పడింది. వాడు బడిలో ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రం టైలరమ్మే వెళ్లి చెప్పింది.

"పిల్లలున్న ఇల్లు. ఇంకేం ఆలోచించకండి వదినా. నా సంగతి నేను చూసుకుంటా."

వాళ్లు అద్దె ఇంటికి మారిపోయారు. యంత్రం వచ్చి ఆ సగం పడగొట్టింది. ఉమ్మడి గోడ మిగిలింది. దానికి అటువైపు వాళ్ల వంటగది మసి, పిల్లల పెన్సిలు గీతలు ఎండలో పడ్డాయి. ఆ గోడ చూసి భయపడి బట్టలిచ్చేవాళ్లు కూడా గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడి వెళ్లిపోయేవాళ్లు. రోజంతా ఎవరితోనూ మాట్లాడకపోవడంతో, కూరలమ్మేవాడు పిలిస్తే ఒకసారి ఆమెకు గొంతు పెగల్లేదు.

అది తెలిసి డ్రైవరు భార్య పని మానుకుని వచ్చి, ఆమెను ఆఫీసుకు తీసుకెళ్లింది. అధికారి కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడాడు. ఒకరికి సడలిస్తే అందరూ అడుగుతారన్నాడు. రూలు అందరికీ ఒకటేనన్నాడు.

"గోడ కూడా మా ఇద్దరికీ ఒకటే సార్" అంది డ్రైవరు భార్య. "అదే గోడ నాకు పాడైందనీ, ఈవిడకు బాగుందనీ ఎలా అంటారు?"

 చివరికి అధికారి ఆ గోడలోంచి ముక్క తీసి పరీక్షకు పంపడానికి ఒప్పుకున్నాడు.

పరీక్షలో అదే ఇసుక తేలింది. అయినా మంజూరు అయ్యేసరికి డ్రైవరు కొత్త ఇల్లు పూర్తయింది. ఈసారి ఎవరి గోడ వాళ్లదే, మధ్యలో మనిషి నడిచేంత సందు. ఆలస్యమైనా న్యాయం జరిగిందన్నారు కాలనీవాళ్లు. టైలరమ్మ కాదనలేదు.

ఆమె ఇల్లు పడగొట్టే రోజున పక్కింటివాళ్లు పనుల మీద వెళ్లారు, పిల్లలు బడికెళ్లారు. మిషను, బట్టల మూటలు అద్దె గదికి చేర్చి ఆమె వీధిలో నిలబడింది. యంత్రం నడిపేవాడు కిందికి వంగి, లోపల ఇంకెవరైనా ఉన్నారా అమ్మా అని అడిగాడు.

"లేరు నాయనా. నేనొక్కదాన్నే" అంది.

అతను ఆమెను దూరంగా జరగమన్నాడు. ఆమె రోడ్డు దాటి, అవతలి పక్క నీడలోకి వెళ్లి నిలబడింది.